క్వినైన్ సల్ఫేట్‌ను ప్రమాణంగా తీసుకుని ఆంత్రసీన్ ఫ్లోరెసెన్స్ క్వాంటం యీల్డ్‌ను కొలవడం ఎలా?

ఎం.ఎస్సీ. ప్రాజెక్టు చేస్తున్నవారూ, పరిశోధనలో కొత్తగా చేరినవారూ పదే పదే అడిగే ప్రశ్న ఒకటుంది. “ఇథనాల్‌లో ఆంత్రసీన్ క్వాంటం యీల్డ్ 0.27 అని పుస్తకాల్లో ఉంది. మాకు ఒకసారి 0.22, ఇంకోసారి 0.35 వస్తోంది. ఫ్లోరిమీటర్ పాడైందా?” ఫ్లోరిమీటర్ (ఫ్లోరెసెన్స్‌ను, అంటే కాంతిని పీల్చుకున్న పదార్థం తిరిగి విడిచే వెలుగును, కొలిచే పరికరం) పాడై ఇలా జరగడం అరుదు. నేను చూసినంతలో ఇలాంటి తేడాల్లో ఎక్కువ భాగం ఫ్లోరిమీటర్ దగ్గరికి వెళ్ళకముందే, అంటే ఆబ్సార్బెన్స్ (ద్రావణం ఎంత కాంతిని పీల్చుకుంటోందో చెప్పే సంఖ్య) కొలిచే దగ్గరే పుడుతోంది. అందుకే ఈ వివరణలో ఆ అంశానికి మిగతా వాటికంటే ఎక్కువ చోటు ఇచ్చాను.

సిద్ధాంతం ఇక్కడ అవసరమైనంత వరకే చెబుతాను. 340 నానోమీటర్ల కాంతిని పీల్చుకున్న ఆంత్రసీన్ అణువు కొన్ని పికోసెకన్లలోనే మొదటి ఉత్తేజిత సింగ్లెట్ స్థితి అడుగు మెట్టుకు దిగి, అక్కడ సుమారు 5 నానోసెకన్లు ఉంటుంది. ఆ తరువాత దానికి ఉన్న దారుల్లో రెండు ముఖ్యమైనవి: కాంతిని విడిచి భూస్థితికి రావడం ఒకటి, ఫ్లోరెసెన్స్ ఇవ్వని ట్రిప్లెట్ స్థితికి జారిపోవడం మరొకటి. ఆంత్రసీన్‌లో రెండో దారిన పోయే అణువులే ఎక్కువ. పీల్చుకున్న ఫోటాన్లలో ఎన్నో వంతు ఫ్లోరెసెన్స్‌గా బయటికి వచ్చాయో చెప్పే సంఖ్యే క్వాంటం యీల్డ్. బయటికి వచ్చిన ఫోటాన్లన్నిటినీ నేరుగా లెక్కపెట్టడం కష్టం కాబట్టి, విలువ ముందే తెలిసిన పదార్థాన్ని అదే పరికరంలో, అవే పరిస్థితుల్లో కొలిచి నిష్పత్తి కడతాము.

అభ్యాసానికి ఆంత్రసీన్‌నే ఎంచుకోవడానికి కారణం ఉంది. దాని ఉద్గార వర్ణపటంలో సుమారు 380, 400, 423, 450 నానోమీటర్ల దగ్గర విడివిడిగా శిఖరాలు కనిపిస్తాయి. పనిలో ఎక్కడ పొరపాటు జరిగినా ఈ శిఖరాల ఎత్తుల నిష్పత్తిలో అది బయటపడుతుంది. నునుపైన ఒకే కొండలా వచ్చే వర్ణపటంలో ఈ సౌకర్యం ఉండదు.

కావలసినవి

ఉద్గారానికి సవరణ గుణకాలు ఉన్న స్పెక్ట్రోఫ్లోరోమీటర్ (పైన చెప్పిన ఫ్లోరిమీటర్ ఇదే), యూవీ-విజిబుల్ స్పెక్ట్రోఫోటోమీటర్, నాలుగు వైపులా పాలిష్ చేసిన 1 సెంటీమీటర్ క్వార్ట్జ్ క్యూవెట్ కావాలి. వాయువు పంపడానికి వీలుగా మూతపెట్టే రకం క్యూవెట్ అయితే మరీ మంచిది.

రసాయనాల్లో క్వినైన్ సల్ఫేట్ డైహైడ్రేట్, శుద్ధమైన ఆంత్రసీన్, గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లం, స్పెక్ట్రోస్కోపిక్ గ్రేడ్ ఇథనాల్, మంచి నాణ్యత గల డీఅయొనైజ్డ్ నీరు కావాలి. ఆంత్రసీన్ పసుపు రంగులో కనిపిస్తే దానిలో టెట్రసీన్ వంటి మలినం ఉందని అనుమానించి, ఇథనాల్ నుంచి మళ్ళీ స్ఫటికీకరించండి. శుద్ధమైన ఆంత్రసీన్ తెల్లగా, నీలి మెరుపుతో ఉంటుంది.

వీటితోపాటు 25, 100 మిల్లీలీటర్ల వాల్యుమెట్రిక్ ఫ్లాస్కులు, గాజు పిపెట్లు, నైట్రోజన్ లేదా ఆర్గాన్ సిలిండర్, అల్యూమినియం ఫాయిల్ సిద్ధం చేసుకోండి.

జాగ్రత్తలు: ఆమ్లాన్ని నీటిలోకి కొద్దికొద్దిగా కలపాలి. నీటిని ఆమ్లంలో ఎన్నడూ పోయకూడదు. ఆంత్రసీన్ చర్మానికి అంటుకున్నాక ఎండ తగిలితే మంట పుడుతుంది కాబట్టి చేతి తొడుగులు వాడండి. జీనాన్ దీపపు కాంతిని నేరుగా చూడకండి.

పని క్రమం

1. ముందు పాత్రలను శుభ్రం చేసి, బ్లాంకును (పదార్థం కలపని ఒట్టి ద్రావణిని) పరీక్షించండి. క్యూవెట్‌ను బట్టల సబ్బు పొడితో కడగకండి. ఆ పొడుల్లో కలిపే తెలుపునిచ్చే రసాయనాలు సరిగ్గా మనం కొలిచే నీలి ప్రాంతంలోనే ఫ్లోరెసెన్స్ ఇస్తాయి. టిష్యూ కాగితాలు కొన్నిటితోనూ ఇదే ఇబ్బంది. సజల నత్రికామ్లంతో కడిగి, నీటితోనూ, చివరికి ఇథనాల్‌తోనూ జాలించడం సురక్షితం. తరువాత ఒట్టి ఇథనాల్‌ను, ఒట్టి ఆమ్ల ద్రావణాన్ని 340 నానోమీటర్ల వద్ద ఉత్తేజపరచి వర్ణపటం తీయండి. ద్రావణి అణువులు చెదరగొట్టిన కాంతి వల్ల వచ్చే రామన్ శిఖరం ఒక్కటి తప్ప వేరే దిబ్బ ఏదైనా కనిపిస్తే, అది పోయేదాకా ముందుకు వెళ్ళవద్దు.

2. పరికరాన్ని వేడెక్కనివ్వండి. జీనాన్ దీపం వెలిగించాక కనీసం అరగంట ఆగండి. ఆ తరువాత శుద్ధమైన నీటిని 350 నానోమీటర్ల వద్ద ఉత్తేజపరిస్తే 397 నానోమీటర్ల దగ్గర నీటి రామన్ శిఖరం రావాలి. అది 395 దగ్గరో 399 దగ్గరో వస్తే మోనోక్రోమేటర్లలో (తరంగదైర్ఘ్యాన్ని ఎంచే భాగాల్లో) ఒకటి పక్కకు జరిగిందని అర్థం. శిఖరం ఎత్తును ప్రతిసారీ నోటుబుక్కులో రాసిపెట్టుకుంటే, దీపం ఎప్పుడు మందగిస్తోందో కూడా తెలుస్తుంది.

3. 0.5 మోలార్ సల్ఫ్యూరిక్ ఆమ్లం తయారుచేయండి. 98 శాతం గాఢ ఆమ్లం సుమారు 18 మోలార్ ఉంటుంది కనుక, 500 మిల్లీలీటర్లకు 14 మిల్లీలీటర్లు సరిపోతుంది. చల్లారాక గీత వరకు నింపండి.

సల్ఫ్యూరిక్ ఆమ్లం అందుబాటులో లేదని హైడ్రోక్లోరిక్ ఆమ్లం వాడడం కొన్ని ల్యాబుల్లో అలవాటు. అలా చేయకూడదు. క్లోరైడ్ అయాన్లు ఉత్తేజిత క్వినైన్‌ను ఢీకొని దాని ఫ్లోరెసెన్స్‌ను ఆర్పేస్తాయి. ప్రమాణం మసకబారితే మీ నమూనా విలువ ఆ మేరకు పెరిగినట్టు కనిపిస్తుంది. 0.35, 0.4 వంటి విలువలు వచ్చిన సందర్భాల్లో మొదట అడగవలసిన ప్రశ్న ఇదే. ఉప్పు నీటితో కడిగిన పాత్రలు, క్లోరైడ్ ఉన్న కుళాయి నీరు కూడా ఇదే కోవలోకి వస్తాయి.

4. క్వినైన్ ద్రావణాలు చేయండి. 10 మిల్లీగ్రాముల క్వినైన్ సల్ఫేట్‌ను 100 మిల్లీలీటర్ల ఆమ్లంలో కరిగిస్తే, 350 నానోమీటర్ల దగ్గర ఆబ్సార్బెన్స్ 1.4 దరిదాపుల్లో ఉండే మూల ద్రావణం వస్తుంది. దీని నుంచి 25 మిల్లీలీటర్ల ఫ్లాస్కుల్లో ఆబ్సార్బెన్స్ సుమారు 0.02, 0.04, 0.06, 0.08, 0.10 ఉండేలా ఐదు ద్రావణాలు చేయండి. పలచన చేయడానికి కూడా అదే ఆమ్లం వాడాలి, నీరు కాదు.

గాఢత ఖచ్చితంగా ఎంతో తెలియకపోయినా ఫరవాలేదన్న సంగతి చాలామంది గమనించరు. క్వాంటం యీల్డ్ లెక్కలో మోలారిటీ ఎక్కడా రాదు, ఆబ్సార్బెన్స్ మాత్రమే వస్తుంది. తూకం నాలుగో దశాంశం కోసం గంటలు వెచ్చించి, ఆబ్సార్బెన్స్‌ను ఒక్కసారి కొలిచి వదిలేయడం శ్రమను తప్పుచోట పెట్టడమే.

5. ఆంత్రసీన్ ద్రావణాలు చేయండి. 5 మిల్లీగ్రాములను 100 మిల్లీలీటర్ల ఇథనాల్‌లో కరిగించండి. ఇది నిదానంగా కరుగుతుంది కాబట్టి పది నిమిషాలు సోనికేట్ చేసి, అడుగున రేణువులు లేవని వెలుతురుకు ఎదురుగా పట్టి చూసుకోండి. ఫ్లాస్కులన్నిటికీ ఫాయిల్ చుట్టండి. వెలుతురులో ఆంత్రసీన్ కరిగి ఉన్న ఆక్సిజన్‌తో కలిసి ఎండోపెరాక్సైడ్‌గా మారుతుంది, గాఢ ద్రావణాల్లో అయితే రెండేసి అణువులు జతకట్టి డైమర్ అవుతాయి. నిన్నటి ద్రావణాన్ని ఇవాళ వాడాలనుకుంటే ముందు దాని శోషణ వర్ణపటాన్ని మళ్ళీ తీసి పోల్చండి. క్వినైన్ మాదిరే ఇక్కడా ఐదు పలచని ద్రావణాలు కావాలి.

6. ఆబ్సార్బెన్స్ కొలవండి. పని అంతటికీ కీలకమైనది ఈ మెట్టు.

ముందుగా ఉత్తేజక తరంగదైర్ఘ్యాన్ని ఎంచుకోవాలి. క్వినైన్‌కు 350 వాడతారు కదా అని ఆంత్రసీన్‌కూ 350 పెట్టేవారు చాలామంది ఉన్నారు. ఆంత్రసీన్ శోషణ వర్ణపటంలో సుమారు 340, 357, 376 నానోమీటర్ల దగ్గర శిఖరాలున్నాయి, 350 రెండు శిఖరాల నడుమ నిట్టనిలువు వాలు మీద పడుతుంది. ఆ వాలు మీద ఒక్క నానోమీటరు అటూ ఇటూ అయినా ఆబ్సార్బెన్స్ బాగా మారిపోతుంది. స్పెక్ట్రోఫోటోమీటర్, ఫ్లోరిమీటర్ రెండూ ఒకే అంకెను చూపించినా, ఆ రెండింటి 350 ఒకటే కాకపోవచ్చు. అందువల్ల 340 దగ్గరి శిఖరాన్ని ఎంచుకోండి. క్వినైన్ శోషణ పట్టీ వెడల్పుగా ఉంటుంది కనుక దానికి 340 కూడా ఇబ్బంది కాదు.

ఆ తరువాత రెండు పరికరాలను ఒకదానితో ఒకటి సరిచూడండి. ఫ్లోరిమీటర్‌లో 400 నానోమీటర్ల ఉద్గారాన్ని గమనిస్తూ ఆంత్రసీన్ ఎక్సైటేషన్ వర్ణపటం (ఉత్తేజక తరంగదైర్ఘ్యాన్ని మారుస్తూ ఉద్గారాన్ని నమోదు చేసేది) తీయండి. శోషణలో 340 దగ్గర ఉన్న శిఖరం ఇక్కడ 341 దగ్గర కనిపిస్తే, ఫ్లోరిమీటర్‌లో 341 పెట్టి ఉత్తేజపరచండి. శిఖరాన్ని శిఖరంతో కలపాలి తప్ప అంకెను అంకెతో కాదు.

మూడోది ఆధారరేఖ. ఆంత్రసీన్, క్వినైన్ రెండూ 450 నుంచి 500 నానోమీటర్ల మధ్య కాంతిని పీల్చుకోవు. అక్కడ మీ వర్ణపటం 0.003 చూపిస్తే, 340 దగ్గర చూపిన 0.020లో కూడా అంత అబద్ధం ఉందని భావించి దాన్ని తీసివేయండి. 0.020లో 0.003 అంటే 15 శాతం. ఆ 15 శాతం నేరుగా మీ తుది విలువలోకి వెళ్ళిపోతుంది. క్యూవెట్‌ను ప్రతిసారీ ఒకే దిశలో పెట్టడం, బ్లాంకుకూ నమూనాకూ ఒకే క్యూవెట్ వాడడం ఈ దోషాన్ని చాలావరకు తగ్గిస్తాయి.

ఇంత చిన్న ఆబ్సార్బెన్స్‌లను మీ పరికరం నమ్మకంగా కొలవలేకపోతే ఒక మార్గం ఉంది. 0.4 దరిదాపుల్లో ఉండే ద్రావణాన్ని జాగ్రత్తగా కొలిచి, దాన్ని వాల్యుమెట్రిక్ పిపెట్‌తో సరిగ్గా పది రెట్లు పలచన చేసి 0.040గా లెక్క తీసుకోండి. 5 సెంటీమీటర్ల క్యూవెట్ దొరికితే దానిలో కొలిచి ఐదుతో భాగించడం మరో మార్గం.

0.1 మించి వెళ్ళవద్దని ఎందుకంటారో కూడా ఇక్కడే చెబుతాను. ఫ్లోరిమీటర్ క్యూవెట్ నడిమధ్య నుంచి వచ్చే వెలుగును చూస్తుంది. ఆబ్సార్బెన్స్ 0.1 ఉంటే మధ్యకు చేరేలోగా ఉత్తేజక కాంతిలో సుమారు 11 శాతం తగ్గిపోతుంది. 1.0 ఉంటే మధ్యకు చేరేది 32 శాతమే. “సంకేతం బాగా రావాలని కాస్త గాఢంగా చేశాము” అనే మాట వినగానే తక్కువ విలువ ఎందుకు వచ్చిందో సగం అర్థమైపోతుంది.

7. ఫ్లోరిమీటర్ అమరికలు పెట్టండి. ఉత్తేజక, ఉద్గార స్లిట్లు రెండింటికీ 2 నానోమీటర్ల బ్యాండ్‌పాస్ చాలు. ఉత్తేజక స్లిట్‌ను 5 లేదా 10 నానోమీటర్లకు తెరిస్తే, మీరు కొలిచిన ఆబ్సార్బెన్స్ శిఖరానిది, ఉత్తేజపరిచిన కాంతి మాత్రం శిఖరంతోపాటు దాని లోయలది కూడా అవుతుంది. నమూనాల మధ్య స్లిట్లు గానీ, డిటెక్టర్ వోల్టేజి గానీ మార్చకూడదు. కాబట్టి అన్నిటికంటే ప్రకాశవంతమైన ద్రావణాన్ని, అంటే 0.10 క్వినైన్‌ను, ముందు పెట్టి అమరికలను ఖాయం చేసుకోండి. ఫోటాన్లను లెక్కించే డిటెక్టర్లు సాధారణంగా సెకనుకు పది, ఇరవై లక్షల లెక్కలు దాటాక సరళరేఖలో నడవవు. తయారీదారు చెప్పిన హద్దులోపలే ఉండండి. ఉద్గారాన్ని 355 నుంచి 650 నానోమీటర్ల వరకు, 1 నానోమీటరు మెట్లతో తీయండి. 680 దగ్గర ఉత్తేజక కాంతి రెండో క్రమం (రెట్టింపు తరంగదైర్ఘ్యం దగ్గర మోనోక్రోమేటర్ చూపే నకలు) కనిపిస్తుంది కనుక అంతదూరం పోవడం అనవసరం.

ఉద్గార సవరణ పనిచేస్తోందో లేదో చూసుకోండి. డిటెక్టర్ 400 దగ్గరి ఫోటాన్‌ను, 500 దగ్గరి ఫోటాన్‌ను ఒకేలా పట్టుకోదు. ఆంత్రసీన్ వెలుగు 380 నుంచి 450 మధ్య, క్వినైన్ వెలుగు 450 చుట్టూ ఉంటాయి కాబట్టి, సవరించని వర్ణపటాలతో కట్టిన నిష్పత్తికి విలువ లేదు.

8. క్వినైన్ ఐదు ద్రావణాలనూ, ఆమ్ల బ్లాంకునూ కొలవండి. పలచని దాని నుంచి గాఢమైన దానికి వెళ్తే క్యూవెట్‌లో మిగిలిన చుక్కల వల్ల వచ్చే దోషం తక్కువగా ఉంటుంది. ఉష్ణోగ్రత 25 డిగ్రీల సెల్సియస్ దగ్గర నిలకడగా ఉండాలి. వేసవిలో ఏసీ లేని గదిలో ఉదయం ప్రమాణాన్ని, మధ్యాహ్నం నమూనాను కొలిస్తే ఆ తేడా ఫలితంలోకి వస్తుంది.

9. ఆంత్రసీన్ ద్రావణాల నుంచి ఆక్సిజన్‌ను తొలగించి కొలవండి. “మాకు 0.22 ఎందుకు వస్తోంది?” అన్న ప్రశ్నకు జవాబు చాలాసార్లు ఈ మెట్టులో ఉంటుంది. గాలి తగిలే ఇథనాల్‌లో కరిగి ఉన్న ఆక్సిజన్, ఆంత్రసీన్ ఉత్తేజిత స్థితిలో ఉన్న ఆ 5 నానోసెకన్లలోనే దాన్ని ఢీకొని ఫ్లోరెసెన్స్‌ను ఐదో వంతు దాకా తగ్గించగలదు. ప్రచురిత విలువలు 0.27 నుంచి 0.30 దాకా ఉన్నాయి, అవి ఆక్సిజన్ లేని ద్రావణాలవి. ఆమ్లంలోని క్వినైన్‌పై ఆక్సిజన్ ప్రభావం పట్టించుకోదగినంత ఉండదు కనుక దానికి ఈ పని అవసరం లేదు.

నైట్రోజన్‌ను సన్నని గొట్టం ద్వారా పది, పదిహేను నిమిషాలు మెల్లగా పంపండి. వాయువు ఇథనాల్‌ను ఆవిరిగా మోసుకుపోయి ద్రావణాన్ని గాఢం చేస్తుంది. దీనికి విరుగుడుగా సిలిండర్‌కూ క్యూవెట్‌కూ మధ్య ఇథనాల్ నింపిన మరో సీసా పెట్టి, వాయువు ముందు దానిలోంచి వచ్చేలా అమర్చండి. వాయువు పంపిన తరువాత ఆబ్సార్బెన్స్‌ను మరొకసారి చూసుకుంటే సందేహమే ఉండదు. రబ్బరు మూతలు ఇథనాల్ ఆవిరికి మలినాలను విడుస్తాయి, బ్లాంకును కూడా అదే మూతతో, అదే సమయం వాయువు పంపి తీయండి.

10. బ్లాంకును తీసివేసి వైశాల్యం కట్టండి. 340 దగ్గర ఉత్తేజపరిస్తే ఇథనాల్ రామన్ శిఖరం 377 లేదా 378 దగ్గర, నీటిది 384 దగ్గర పడతాయి. ఇథనాల్ శిఖరం సరిగ్గా ఆంత్రసీన్ మొదటి ఉద్గార శిఖరం మీదే కూర్చుంటుంది కనుక, 0.02 వంటి పలచని ద్రావణాల్లో దాన్ని తీసివేయకపోతే విలువ పెరిగిపోతుంది. ఈ బలహీనమైన వెలుగును ఫ్లోరెసెన్స్‌గా పొరబడడం కొత్తేమీ కాదు. 1923లో కలకత్తాలో సి.వి. రామన్ దగ్గర పనిచేస్తున్న కె.ఆర్. రామనాథన్ ద్రవాల్లో దీన్ని చూసినప్పుడు మొదట మలినాల వల్ల వచ్చిన మసక ఫ్లోరెసెన్స్‌గానే భావించారు. ద్రవాన్ని ఎంత శుద్ధి చేసినా అది పోలేదు, 1928లో దాని అసలు రూపం తేలింది. గుర్తుపట్టడానికి సులువైన పరీక్ష ఉంది: ఉత్తేజక తరంగదైర్ఘ్యాన్ని 10 నానోమీటర్లు జరిపితే రామన్ శిఖరం దానితోపాటు జరుగుతుంది, ఫ్లోరెసెన్స్ శిఖరం ఉన్నచోటే ఉంటుంది.

బ్లాంకు పోయాక ఆంత్రసీన్‌కు 360 నుంచి 550 వరకు, క్వినైన్‌కు 370 నుంచి 650 వరకు వైశాల్యం కట్టండి. తరంగదైర్ఘ్య అక్షం మీదే కట్టడం మేలు. వర్ణపటాన్ని తరంగసంఖ్యలోకి మార్చి, తీవ్రతను తరంగదైర్ఘ్య వర్గంతో గుణించడం మరిచిపోయిన లెక్కలు తరచుగా కనిపిస్తుంటాయి.

11. గ్రాఫు గీయండి. అడ్డంగా ఆబ్సార్బెన్స్, నిలువుగా వైశాల్యం. రెండు పదార్థాలకూ ఐదేసి చుక్కలు సున్నా గుండా పోయే సరళరేఖ మీద పడాలి. పై చివర రేఖ కిందికి వంగితే ద్రావణం గాఢమైందని అర్థం, ఆ చుక్కను వదిలేయండి. రేఖ నిటారుగా ఉన్నా సున్నాను తప్పి పోతుంటే, తప్పు ఆధారరేఖలోనో బ్లాంకులోనో ఉంది. అలాంటప్పుడు కంప్యూటర్‌తో రేఖను బలవంతంగా సున్నా గుండా లాగించడం తప్పును కప్పిపుచ్చడమే అవుతుంది.

12. లెక్క కట్టండి.

ఆంత్రసీన్ క్వాంటం యీల్డ్ = 0.546 × (ఆంత్రసీన్ రేఖ వాలు ÷ క్వినైన్ రేఖ వాలు) × (ఇథనాల్ వక్రీభవన గుణకం ÷ ఆమ్ల ద్రావణ వక్రీభవన గుణకం)²

0.546 అనేది 0.5 మోలార్ సల్ఫ్యూరిక్ ఆమ్లంలో క్వినైన్‌కు విస్తృతంగా వాడే విలువ. మీరు వేరే గాఢత గల ఆమ్లం తీసుకుంటే, ఆ గాఢతకు చెప్పిన విలువనే వాడి, ఏది వాడారో రాయాలి. ఇథనాల్ వక్రీభవన గుణకం 1.361, ఆమ్లానికి 1.338 తీసుకోవచ్చు. ఉదాహరణకు వాలులు 4.56, 9.60 అనుకుంటే వాటి నిష్పత్తి 0.475, వక్రీభవన గుణకాల నిష్పత్తి వర్గం 1.035, జవాబు 0.268. వక్రీభవన సవరణను మరిచిపోతే 0.259 వచ్చేది. ఇక్కడ తేడా మూడున్నర శాతమే అయినా, సైక్లోహెక్సేన్‌లో కొలిచిన నమూనాకు అది 13 శాతం దాటుతుంది. వర్గం చేయడం మరిచిపోవడం, నిష్పత్తిని తలకిందులు చేయడం కూడా మామూలే.

ఫలితాన్ని సరిచూడడం

సంఖ్య 0.27 దగ్గరికి వచ్చిందని అక్కడితో ఆగకండి. రెండు తప్పులు ఒకదాన్నొకటి రద్దుచేసుకుని సరైన సంఖ్య రావడం ఈ ప్రయోగంలో అరుదేమీ కాదు. అందుకని సంఖ్యతో సంబంధం లేని పరీక్షలు కొన్ని చేయాలి.

మొదటిది, ఆంత్రసీన్ ఐదు ఉద్గార వర్ణపటాలనూ 423 దగ్గరి శిఖరం ఎత్తు ఒకటయ్యేలా సరిచేసి ఒకదానిపై ఒకటి వేసి చూడండి. ఐదూ ఒకే గీతగా కలిసిపోవాలి. గాఢత పెరిగేకొద్దీ 380 దగ్గరి శిఖరం కుంగుతుంటే, 376 దగ్గరి శోషణ పట్టీ ఆ వెలుగును తిరిగి పీల్చేస్తోందన్నమాట. ఇది గ్రాఫులో వంపుగా కనిపించకముందే ఇక్కడ కనిపిస్తుంది, కనుక నా దృష్టిలో అన్నిటికంటే పదునైన పరీక్ష ఇదే.

రెండోది, ఎక్సైటేషన్ వర్ణపటాన్ని శోషణ వర్ణపటంపై వేసి చూడండి. పలచని ద్రావణంలో రెండింటి ఆకారం ఒకటే ఉండాలి. శోషణలో ఉండి ఎక్సైటేషన్‌లో లేని పట్టీ ఏదైనా ఉంటే, అది వెలగని మలినానిది. మలినం పీల్చుకున్న కాంతిని కూడా ఆంత్రసీన్ ఖాతాలో వేసుకున్నందువల్ల విలువ తక్కువ వస్తుంది.

మూడోది, 357 దగ్గరి శిఖరం వద్ద ఉత్తేజపరచి మొత్తం కొలతను మళ్ళీ చేయండి. ఉద్గారం ఎప్పుడూ అదే ఉత్తేజిత స్థితి నుంచి వస్తుంది కాబట్టి క్వాంటం యీల్డ్ మారకూడదు. 340 దగ్గర 0.27, 357 దగ్గర 0.31 వస్తే తరంగదైర్ఘ్య క్రమాంకనాన్ని అనుమానించండి. అయితే ఈ కొలతలో ఇథనాల్ రామన్ శిఖరం 398 దగ్గరికి, అంటే రెండో ఉద్గార శిఖరం మీదికి జరుగుతుందని గుర్తుంచుకుని, ఈ తరంగదైర్ఘ్యానికి బ్లాంకును విడిగా తీయండి.

వీలైతే రెండో ప్రమాణంతో పోల్చడం కూడా మంచిది. సైక్లోహెక్సేన్‌లో 9,10-డైఫినైల్ ఆంత్రసీన్ ఇందుకు పనికొస్తుంది. దాని క్వాంటం యీల్డ్‌ను క్వినైన్‌తో పోల్చి కొలిచినప్పుడు 0.9కి పైగా, 1.0కి లోపల రావాలి. దీని నుంచి కూడా ఆక్సిజన్‌ను తొలగించాలి. ఒకటి మించి వస్తే మీ దగ్గర ఏదో ఒక దోషం తప్పకుండా ఉంది, ఎందుకంటే సాధారణ ఫ్లోరెసెన్స్‌లో పీల్చుకున్న ఫోటాన్ల కంటే వెలువడినవి ఎక్కువ కాలేవు.

సౌకర్యాలు లేనప్పుడు

నైట్రోజన్ అందుబాటులో లేకపోతే గాలి తగిలిన ద్రావణంలోనే కొలిచి, ఆ విషయాన్ని స్పష్టంగా రాయండి. 0.22 నుంచి 0.24 వచ్చినా అది తప్పు కాదు, వేరే పరిస్థితిలో తీసిన సరైన కొలత. దాన్ని ప్రచురిత 0.27 పక్కన వివరణ లేకుండా పెట్టడమే తప్పు.

ఐదు ద్రావణాలకు సమయం లేకపోతే, నమూనానూ ప్రమాణాన్నీ 0.05 దగ్గర సరిసమానమైన ఆబ్సార్బెన్స్‌కు తెచ్చి ఒక్క కొలతతో నిష్పత్తి కట్టవచ్చు. రెండూ సమానంగా ఉంటే శోషణకు సంబంధించిన వక్రత రద్దయిపోతుంది. సమానంగా లేనప్పుడు ఆబ్సార్బెన్స్‌నే నేరుగా భాగించకుండా, నిజంగా పీల్చుకున్న కాంతి వంతును, అంటే 1 నుంచి 10 యొక్క రుణ ఆబ్సార్బెన్స్ ఘాతాన్ని తీసివేయగా వచ్చేదాన్ని (1 − 10⁻ᴬ, ఇందులో A ఆబ్సార్బెన్స్) వాడండి. 0.1 దగ్గర ఆ వంతు 0.206.

ఉద్గార సవరణ గుణకాలు లేని పాత ఫ్లోరిమీటర్ మాత్రమే ఉంటే, మీ నమూనా వెలిగే ప్రాంతంలోనే వెలిగే ప్రమాణాన్ని ఎంచుకోవడం ఉత్తమం. ఆంత్రసీన్‌కైతే డైఫినైల్ ఆంత్రసీన్ క్వినైన్ కంటే దగ్గరగా ఉంటుంది. 300 దిగువన వెలిగే చిన్న అణువులకు, అంటే ఫినాల్, టోలుయిన్ వంటివాటికి, క్వినైన్ పనికిరాదు. ఆకుపచ్చ ప్రాంతంలో వెలిగే వాటికి 0.1 మోలార్ సోడియం హైడ్రాక్సైడ్‌లో ఫ్లోరెసిన్ సరిపోతుంది.

థీసిస్‌లో గానీ రికార్డులో గానీ రాసేటప్పుడు ప్రమాణం పేరు, దానికి తీసుకున్న విలువ, ద్రావణులు, ఉత్తేజక తరంగదైర్ఘ్యం, స్లిట్లు, ఆబ్సార్బెన్స్ పరిధి, ఉష్ణోగ్రత, ఆక్సిజన్ తొలగించారా లేదా అన్నవన్నీ ఇవ్వండి. అన్నీ జాగ్రత్తగా చేసినా ఈ పద్ధతిలో 5 నుంచి 10 శాతం అనిశ్చితి మిగులుతుంది. అందువల్ల 0.2683 అని నాలుగు దశాంశాలు రాయకుండా 0.27 ± 0.02 అని రాయండి.